పావగడ ఆడపిల్లలకు ఆకాశ విద్యలు: శిబిరాలు, అర్హతలు, దారులు

పావగడ తాలూకా పరిపాలన రీత్యా తుమకూరు జిల్లాకు చెందినదే అయినా, పటంలో చూచినప్పుడు జిల్లా నుండి తెగిపడిన ముక్క వలె కనబడుతుంది. మూడు వైపులా ఆంధ్రప్రదేశ్, పడమటి దిక్కున చిత్రదుర్గ జిల్లా. తుమకూరు నుండి మధుగిరి మీదుగా వచ్చే బస్సు నడుమ ఆంధ్రప్రదేశ్ నేలను దాటుకొని గాని పావగడ చేరదు. ఇంట తెలుగు, బడిలో కన్నడం, కళాశాలకు పోతే ఇంగ్లీషు. ఈ మూడు భాషల బరువును మోస్తూనే ఇక్కడి పిల్లలు చదువుకొంటున్నారు. ఆడపిల్లల విషయంలో దూరాభారం, పెళ్లి తొందర దీనికి తోడవుతాయి. అందుచేత విమానం, ఉపగ్రహం, ప్రయోగశాల వంటి మాటలు తమ ఇంటికి సంబంధించినవి కావని చాలా కుటుంబాలు ముందే తీర్మానించుకొంటాయి.

ఆ తీర్మానాన్ని మరొకసారి ఆలోచించుకోవడానికి దూరం పోనక్కరలేదు. 2023 ఏప్రిల్ 2వ తేదీ ఉదయం, పావగడకు పడమటనున్న చళ్లకెరె తాలూకాలో, భారత వాయుసేన వారి చినూక్ హెలికాప్టరు ఒక రెక్కల వాహనాన్ని కింద వేలాడదీసుకొని నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తుకు లేచింది. అక్కడ వదలిపెట్టగా ఆ వాహనం మనిషి చేయి సోకకుండానే, తన దారి తానే లెక్క కట్టుకొని వచ్చి రన్‌వే మీద దిగింది. అంతరిక్షానికి పోయి తిరిగివచ్చి మరల వాడుకకు పనికివచ్చే వాహనం కోసం ఇస్రో జరిపిన దిగుడు పరీక్షలలో అది మొదటిది. 2024 మార్చి 22న, జూన్ 23న మరి రెండు పరీక్షలు అక్కడే జరిగాయి. ఆ రన్‌వే డి.ఆర్.డి.ఓ. వారి వైమానిక పరీక్షా క్షేత్రంలోనిది, 2017లో ప్రారంభమైనది. అదే తాలూకా కుదాపుర వద్ద బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు రెండవ ప్రాంగణం ఉన్నది. ఉన్నత పాఠశాలల, పి.యు. కళాశాలల విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులకు అక్కడ ప్రయోగాలతో కూడిన శిక్షణ ఇస్తారు. ఇక సొంత జిల్లాలో, గుబ్బి తాలూకా బిదరెహళ్ల కావల్ వద్ద, హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారి హెలికాప్టర్ల కర్మాగారం 615 ఎకరాలలో నెలకొన్నది. 2016లో శంకుస్థాపన జరిగి, 2023 ఫిబ్రవరి 6న ప్రారంభోత్సవం జరిగింది.

చళ్లకెరె కావళ్లు పూర్వం పశువుల మేత బీళ్లు. వాటిని శాస్త్ర సంస్థలకు ఇచ్చినప్పుడు చుట్టుపక్కల గ్రామాల కాపరులు అభ్యంతరం చెప్పారు, వ్యాజ్యాలు నడిచాయి. నేల పోయిన బాధ పోయేది కాదు. అయితే కంచె వేసిన తరువాత మిగిలే ప్రశ్న మరొకటి ఉన్నది. ఆ కంచె లోపల జీతానికి పనిచేసేవారు ఎవరి పిల్లలు? సరిహద్దు పల్లెల ఆడపిల్లలు ఆ లెక్కలోకి రావాలంటే ఏ తరగతిలో ఏమి చేయాలన్నది వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

శిబిరం అంటే ఏమిటి

విజ్ఞాన శిబిరం ట్యూషను కాదు, విహారయాత్ర అంతకన్నా కాదు. కొన్ని రోజుల పాటు పిల్లలను ఒకచోట చేర్చి, బడిలో బొమ్మగా చూచిన వస్తువును చేతికి ఇచ్చి పని చేయించడం దీని స్వరూపం. ఉదయం శాస్త్రజ్ఞుల ఉపన్యాసం, మధ్యాహ్నం ప్రయోగశాల, సాయంకాలం ప్రశ్నోత్తరాలు, రాత్రి ఆకాశం కలిసివస్తే దూరదర్శినితో నక్షత్ర దర్శనం. నమూనా రాకెట్టు చేయడం, చిన్న సర్క్యూటుకు ప్రాణం పోయడం, విమానపు రెక్క మీద గాలి ఎట్లా నడుస్తుందో కాగితంతో పరీక్షించడం వంటివి సాధారణంగా ఉంటాయి.

ఆడపిల్లలకు ప్రత్యేకంగా శిబిరాలెందుకు అన్న సందేహం సహజమే. అందరూ కలిసి ఉన్న ప్రయోగశాలలో సాధనాలు మగపిల్లల చేతిలోనూ, నోటు పుస్తకాలు ఆడపిల్లల చేతిలోనూ ఉండడం ఏ బడిలోనైనా చూడవచ్చును. సాధనం చేతికి వచ్చిన పిల్ల మాట తీరే వేరుగా ఉంటుంది. అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రం ఓష్‌కోష్‌లో ఏటా జరిగే విమానోత్సవ సమయంలో బాలికలకు ఇటువంటి ప్రత్యేక శిబిరం 2000ల దశకం నుండి నడుస్తున్నది. వైమానిక రంగ మహిళల అంతర్జాతీయ సంఘం 2015 నుండి ఏటా బాలికా విమానయాన దినం జరుపుతున్నది. ఈ విషయంలో భారతదేశం వెనుకబడి ఉన్నదనుకోవడం పొరపాటు. ఇక్కడి పైలట్లలో సుమారు 15 శాతం మహిళలు. ప్రపంచ సగటు 5 శాతం దరిదాపులలోనే ఉన్నది. హైదరాబాదు కేంద్రంగా నడిచిన డెక్కన్ ఎయిర్‌వేస్‌లో 1940ల చివరలోనే ప్రేమ్ మాథుర్ అనే మహిళ విమానాలు నడిపారు. ఆ 15 శాతంలో వానకు ఎదురుచూచే మెట్టసీమ పల్లెల పిల్లలు ఎందరు అన్నదే ఆలోచించవలసిన మాట.

యువికా: ఎనిమిదవ తరగతితోనే మొదలు

ప్రస్తుతం గ్రామీణ కుటుంబాలకు అన్నిటికన్నా అనుకూలమైన శిబిరం ఇస్రో వారి యువ విజ్ఞాని కార్యక్రమం. దీనిని క్లుప్తంగా యువికా అంటారు. 2019లో ప్రారంభమై, కరోనా మూలంగా రెండేళ్లు నిలిచి, 2022లో మరల మొదలైనది. తొమ్మిదవ తరగతి చదువుతున్నవారే అర్హులు. వేసవి సెలవులలో రెండు వారాల పాటు ఇస్రో కేంద్రాలలోనే బస. ఆ కేంద్రాలలో బెంగుళూరు, శ్రీహరికోట, హైదరాబాదు కూడా ఉన్నాయి. దరఖాస్తులు ఆన్‌లైనులో, సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలలలో తీసుకొంటారు. ఇది బాలబాలికలు ఇరువురికీ ఉద్దేశించినది.

ఖర్చు మాట ముందే చెప్పాలి. వసతి, భోజనం, పుస్తక సామగ్రి, విద్యార్థి ప్రయాణ ఛార్జీలు ఇస్రో భరిస్తుంది. దిగబెట్టి, తిరిగి తీసుకొనిపోవడానికి వచ్చే తల్లి, తండ్రి లేదా సంరక్షకులలో ఒకరికి కూడా ఛార్జీలు ఇస్తారు. డబ్బు లేక మానుకోవలసిన శిబిరం ఇది కాదు.

ఎంపిక విధానంలోనే అసలు కీలకం ఉన్నది. గత సంవత్సరాల ప్రకటనల ప్రకారం నూటికి 50 పాళ్లు ఎనిమిదవ తరగతి మార్కులకు కేటాయించారు. గ్రామీణ పాఠశాలలో చదువుతున్నందుకు 15 పాళ్లు. ఆన్‌లైన్ క్విజ్‌కు 10 పాళ్లు. మిగిలినవి విజ్ఞాన ప్రదర్శనలు, ఒలింపియాడ్‌లు, ఆటలు, స్కౌట్స్, ఎన్.సి.సి. వంటి వాటికి చెందుతాయి. పల్లెటూరి బడి అని చిన్నబుచ్చుకొనే కుటుంబాలు ఈ 15 పాళ్లను గమనించాలి. ఇక్కడ పల్లెటూరే బలం. రెండవ సంగతి మరింత ముఖ్యమైనది. మార్కులు ఎనిమిదవ తరగతివి కాబట్టి, దరఖాస్తు నాటికి సగం ఫలితం అప్పటికే తేలిపోయి ఉంటుంది. ఎస్.ఎస్.ఎల్.సి. వచ్చినప్పుడు చూచుకొందామని ఎనిమిదిని తేలికగా తీసుకొన్న ఇంట ఈ అవకాశం తెలియకుండానే దాటిపోతుంది. తాలూకా విజ్ఞాన ప్రదర్శనలో పాల్గొన్న కాగితం కూడా పెట్టెలో భద్రంగా ఉండవలసినదే.

ఎంపిక రాష్ట్రాల వారీగా జరుగుతుంది. సరిహద్దు పల్లెలలో ఇల్లు ఒక రాష్ట్రంలో, బడి మరొక రాష్ట్రంలో ఉండడం కొత్త కాదు గనుక, బడి చిరునామాను ప్రధానోపాధ్యాయుల చేత సరిచూపించుకొని నింపాలి.

బెంగుళూరులో శిబిరం జరిగే కేంద్రం పేరు యు.ఆర్. రావు ఉపగ్రహ కేంద్రం. 1975లో భారతదేశపు తొలి ఉపగ్రహం ఆర్యభట్టను రూపొందించిన బృందానికి నాయకుడాయన. ఉడుపి దగ్గర అదమారు అనే పల్లెలో పుట్టి, బళ్లారిలో ఇంటర్మీడియట్, అనంతపురం ప్రభుత్వ కళాశాలలో బి.ఎస్‌సి. చదివారు. పావగడ వారు సంతకూ, ఆసుపత్రికీ పోయివచ్చే సీమలోనే ఆయన భౌతికశాస్త్రం నేర్చారన్నది ఇంట పిల్లలకు చెప్పదగిన మాట.

మరికొన్ని అవకాశాలు

కేంద్ర ప్రభుత్వ శాస్త్ర సాంకేతిక శాఖ వారి విజ్ఞాన జ్యోతి కేవలం బాలికల కోసమే ఏర్పడినది. 2019లో 50 జిల్లాలతో మొదలై, 2021లో 100 జిల్లాలకు, తరువాత మరింతగా విస్తరించినది. జిల్లాలోని జవాహర్ నవోదయ విద్యాలయం దీనికి కేంద్రంగా పనిచేస్తుంది; తొమ్మిది నుండి పన్నెండు తరగతుల వారికి ప్రయోగశాలల సందర్శన, విజ్ఞాన శిబిరాలు, మహిళా శాస్త్రజ్ఞులతో ముఖాముఖి, పాఠాలలో సహాయం ఉంటాయి. చుట్టుపక్కల ప్రభుత్వ పాఠశాలల బాలికలను కూడా చేర్చుకొనే ఏర్పాటు ఉన్నది. ఈ సంగతి తెలిసి అడిగే తల్లిదండ్రులు తక్కువ.

ఇన్‌స్పైర్ మానక్ శిబిరం కాకపోయినా శిబిరాలకు తొలిమెట్టు. విద్యార్థి తనకు తోచిన కొత్త ఆలోచనను రాస్తే బడి తరఫున ఆన్‌లైనులో పంపుతారు. ఎంపికైతే నమూనా తయారీకి 10,000 రూపాయలు విద్యార్థి ఖాతాలోనే జమ అవుతాయి. అందుకు పిల్ల పేరిట బ్యాంకు ఖాతా ఉండాలి. వేరుశనగ కాయలు ఒలిచే నడుమనొప్పి తగ్గించే సాధనం, బిందె బరువు తెలియకుండా నీరు తెచ్చే బండి వంటి ఆలోచనలు పావగడ పిల్లలకు ఎవరూ నేర్పనవసరం లేదు. రాయించి పంపే పెద్దలు కావాలి, అంతే.

తెలుగు నేలపై చూడదగిన ఉదాహరణ కుప్పం వద్ద ఉన్నది. మూడు రాష్ట్రాల ఎల్లలు కలిసే చోట అగస్త్య ఫౌండేషన్ 172 ఎకరాల ప్రాంగణంలో ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు చేతి ప్రయోగాల ద్వారా విజ్ఞానం నేర్పుతున్నది. 1999లో స్థాపితమైన ఈ సంస్థ సంచార ప్రయోగశాలలను వాహనాలపై పల్లెలకు పంపుతుంది. ప్రయోగం నేర్చుకొన్న పిల్లల చేతనే మిగిలిన పిల్లలకు చెప్పించడం వీరి పద్ధతులలో ఒకటి. నలుగురి ముందు నిలబడి వివరించిన ఆడపిల్లకు పదిమందిలో మాట్లాడే భయం అక్కడే సగం పోతుంది. పావగడ వంటి తాలూకాలకు ఈ పద్ధతి బాగా నప్పుతుంది. ఎక్కడో రెండు వారాలు గడిపి వచ్చిన ఒక్క పిల్ల ద్వారా ఆ బడిలోని మిగిలిన వారికీ విషయం చేరుతుంది.

ఏడువందల యాభై మంది బాలికల ఉపగ్రహం

బాలికలను అంతరిక్ష విద్య వైపు మళ్లించిన ప్రయత్నాలలో ఇటీవల దేశమంతా చూచినది ఆజాదీశాట్. చెన్నైలోని స్పేస్ కిడ్జ్ ఇండియా సంస్థ ఆధ్వర్యంలో, దేశవ్యాప్తంగా 75 ప్రభుత్వ పాఠశాలలకు చెందిన 750 మంది బాలికలు ఈ చిన్న ఉపగ్రహంలో పాలుపంచుకొన్నారు. ఉపగ్రహం బరువు సుమారు 8 కిలోలు. అందులో ఒక్కొక్కటి 50 గ్రాముల బరువు గల 75 పరికరాలు. చిన్న చిప్పులకు సూచనలు రాయడం ఉపాధ్యాయుల సాయంతో బాలికలే చేశారు. వారిలో చాలామంది అంతకు ముందు కంప్యూటరుతో పెద్దగా పరిచయం లేనివారే.

2022 ఆగస్టు 7న శ్రీహరికోట నుండి ఎస్.ఎస్.ఎల్.వి. అనే కొత్త రాకెట్టు తన మొదటి ప్రయాణంలో ఈ ఉపగ్రహాన్ని తీసుకొని లేచింది. ప్రయోగాన్ని చూచేందుకు బాలికలు శ్రీహరికోటకు వచ్చి ఉన్నారు. మూడు దశలూ సక్రమంగా పనిచేశాయి. కాని చివరి ఘట్టంలో సెన్సారు లోపాన్ని రాకెట్టులోని లెక్క సరిగా గుర్తించలేక, గుండ్రని కక్ష్యకు బదులు భూమికి 76 కిలోమీటర్ల దగ్గరకు దిగివచ్చే కోలకక్ష్యలో ఉపగ్రహాలను విడిచిపెట్టింది. అంత దిగువన గాలి ఒరపిడికి ఏ ఉపగ్రహమూ నిలువదు. నెలల తరబడి చేసిన పని కొద్ది గంటలలో పోయింది.

ఆ తరువాత జరిగిన పనే గమనించదగినది. లోపాన్ని వెదకి సరిచేశారు. ఉపగ్రహాన్ని మరల తయారుచేశారు. 2023 ఫిబ్రవరి 10న ఎస్.ఎస్.ఎల్.వి. రెండవ ప్రయాణంలో ఆజాదీశాట్-2 సుమారు 450 కిలోమీటర్ల ఎత్తున అనుకొన్న కక్ష్యలోకి చేరింది. ఆరు నెలల వ్యవధిలో వైఫల్యాన్ని, దాని దిద్దుబాటును కూడా కళ్లారా చూచిన ఆ బాలికలకు ఏ పాఠ్యపుస్తకమూ ఇవ్వలేని చదువు దక్కింది. ఒక్కసారి పరీక్ష తప్పితే చదువు మాన్పించి ఇంట కూర్చోబెట్టే పెద్దలకు కూడా ఇందులో తెలుసుకోవలసినది ఉన్నది.

ఊరిలోనే ఉన్న ప్రయోగశాల

శిబిరం దొరికేదాకా చేతులు ముడుచుకొని కూర్చోనక్కరలేదు. నాగలమడికె హోబళిలోని తిరుమణి, బాలసముద్ర, క్యాతగానచెర్లు, వళ్లూరు, రాయచెర్లు గ్రామాలలో 13,000 ఎకరాల మేర పరచుకొన్న సౌర విద్యుత్ క్షేత్రం సామర్థ్యం 2,050 మెగావాట్లు. 2018లో ప్రారంభమై 2019 చివరకు పూర్తయినది. అక్కడి పలకలలో జరిగేదీ, ఉపగ్రహపు రెక్కలలో జరిగేదీ మూలంలో ఒకటే. వెలుతురు తగిలినప్పుడు సిలికాన్ వంటి పదార్థంలో ఎలక్ట్రానులు కదలి విద్యుత్తు పుడుతుంది. పలక మీద దుమ్ము పేరుకొంటే ఎంత విద్యుత్తు తగ్గుతుంది? ఎండ ముదిరి పలక వేడెక్కితే పెరుగుతుందా, తగ్గుతుందా? తగ్గుతుందన్నది చాలామంది పెద్దలకు కూడా ఆశ్చర్యం కలిగిస్తుంది. బొమ్మల దుకాణంలో దొరికే చిన్న సౌర పలక, ఒక మల్టీమీటరు ఉంటే బడి ఆవరణలోనే పరీక్షించవచ్చును.

నీరు మరొక పాఠం. పావగడ బోరునీటిలో ఫ్లోరైడు సంగతి తెలియని ఇల్లు లేదు. గ్రానైటు రాళ్ల పగుళ్లలో నీరు ఎక్కువ కాలం నిలిచిన కొద్దీ అందులోకి ఫ్లోరైడు కరుగుతుంది. బోరు లోతుకు పోయిన కొద్దీ సాధారణంగా సమస్య పెరుగుతుంది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదన్నది భారతీయ ప్రమాణం. ఏ బోరులో ఎంత ఉన్నదో పరీక్ష కిట్టుతో చూచి, ఊరి పటం మీద గుర్తించే పని తొమ్మిదవ తరగతి బాలికలు చేయగలరు. జిల్లా విజ్ఞాన ప్రదర్శనకు ఇంతకన్నా మంచి విషయం దొరకదు. పళ్ల మీద మచ్చలకు కారణం అడిగిన పిల్ల రేపు భూగర్భ శాస్త్రజ్ఞురాలు కావచ్చును. విజ్ఞాన వృత్తి అంటే రాకెట్టు ఒక్కటే కాదు.

ఎస్.ఎస్.ఎల్.సి. తరువాత

శిబిరంలో కలిగిన ఉత్సాహం నిలిచేదీ, నీరుకారేదీ ఎస్.ఎస్.ఎల్.సి. ఫలితాలు వచ్చిన నెల రోజులలోనే. దగ్గరి కళాశాలలో ఉన్న కోర్సు, బస్సు అందే కోర్సు, చుట్టం కూతురు చేరిన కోర్సు అంటూ తీసుకొనే నిర్ణయం తరువాత దిద్దరానిదవుతుంది. విమానయానానికైనా, అంతరిక్ష రంగానికైనా పి.యు.సి.లో భౌతికశాస్త్రం, గణితం ఉండడమే రాచబాట. గణితం లేకుండా జీవశాస్త్రం మాత్రమే తీసుకొంటే ఈ దారులలో చాలా భాగం మూసుకొంటాయి. కన్నడ మాధ్యమం నుండి వచ్చిన పిల్లకు మొదటి ఆరు నెలలు ఇంగ్లీషు పాఠం కొండలా కనబడుతుంది. తెలివి తక్కువై కాదు, మాటలు కొత్తవై. వేసవిలోనే బలం, వేగం, త్వరణం వంటి మాటలకు ఇంగ్లీషు పేర్లు నేర్చుకొని పోతే ఆ కొండ సగం దిగుతుంది.

పైలట్ కావడానికి విద్యార్థి లైసెన్సు 16 ఏళ్లకే తీసుకోవచ్చును. వాణిజ్య పైలట్ లైసెన్సుకు 18 ఏళ్లు నిండాలి, 200 గంటలు ఎగిరి ఉండాలి, వైద్య పరీక్ష నెగ్గాలి. కళ్లద్దాలు ఉన్నవారు పౌర విమానాలు నడపరాదన్న నమ్మకం సరికాదు. అద్దాలతో చూపు సరిగా ఉంటే చాలును. రంగులు గుర్తించలేకపోవడం మాత్రం అడ్డంకి. గుంటూరు జిల్లా మూలాలు గల బండ్ల శిరీష చూపు కారణంగా సైనిక పైలట్ దారి మూసుకొనిపోగా, ఏరోస్పేస్ ఇంజనీరింగు చదివి, 2021 జూలై 11న వర్జిన్ గెలాక్టిక్ వాహనంలో అంతరిక్షపు అంచు దాకా వెళ్లివచ్చారు.

ఇక ధనం మాట. ప్రైవేటు శిక్షణకు అరకోటి రూపాయలకు అటూ ఇటూగా అవుతుంది. భూమి తాకట్టు పెట్టి ఈ దారిన దిగడం రైతు కుటుంబానికి సాహసమే. ఉద్యోగం వెంటనే దొరకని ఏళ్లు ఉంటాయి. బెంగుళూరు జక్కూరులో రాష్ట్ర ప్రభుత్వ వైమానిక శిక్షణ పాఠశాల ఉన్నది. చేరదలచిన ఏడు ప్రవేశాలు జరుగుతున్నవో లేదో ముందే విచారించాలి. 2024 జనవరి 19న దేవనహళ్లి వద్ద ప్రారంభమైన బోయింగ్ సుకన్య కార్యక్రమంలో బాలికలకు ప్రయోగ కేంద్రాలతో పాటు మహిళా పైలట్ శిక్షణకు ఉపకార వేతనాలు కూడా చేర్చారు. అన్నిటికన్నా ఖర్చు లేని దారి సైన్యం. జాతీయ రక్షణ అకాడమీలో 2022 నుండి బాలికలకు ప్రవేశం కల్పించారు. మొదటి జట్టులోని 17 మంది 2025 మే 30న శిక్షణ ముగించారు. పన్నెండవ తరగతిలో భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, గణితం ఉన్నవారు వాయుసేన విభాగానికి పోటీపడవచ్చును. చేరాక శిక్షణ ఖర్చు ప్రభుత్వానిదే. అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ అనే ముగ్గురు 2016 జూన్‌లో హైదరాబాదు దగ్గర దుండిగల్‌లో తొలి మహిళా యుద్ధ పైలట్లుగా పట్టా పుచ్చుకొన్నారు.

విమానం నడపడమే విమానయానం అనుకోరాదు. భౌతికశాస్త్రం, గణితంతో బి.ఎస్‌సి. చేసినవారు విమానాల రాకపోకల నియంత్రణాధికారి ఉద్యోగాలకు అర్హులు. విమాన మరమ్మతు ఇంజనీరు లైసెన్సుకు పి.యు.సి. తరువాత ప్రత్యేక శిక్షణ. ఐ.టి.ఐ., డిప్లొమా చదివిన వారిని హిందుస్థాన్ ఏరోనాటిక్స్, ఇస్రో సాంకేతిక పనులకు తీసుకొంటాయి. 18 ఏళ్లు నిండి పదవ తరగతి గట్టెక్కినవారు డ్రోన్ నడిపే ధ్రువపత్రం పొందవచ్చును. 2023 నవంబరులో ఆమోదం పొందిన నమో డ్రోన్ దీదీ పథకం స్వయం సహాయక సంఘాల మహిళలకు పురుగుమందు చల్లే డ్రోన్లు సమకూర్చేందుకు ఉద్దేశించినది. చెల్లి ఉపగ్రహం గురించి చదువుతుంటే అక్క చేనిలో డ్రోన్ నడపడం నేడు వింత కాదు.

పట్టణాలలో విమానయాన కోర్సులంటూ గోడలకంటించే ప్రకటనలలో చాలావరకు విమానాశ్రయ కౌంటరు పనికి సంబంధించినవి. ఆ పని తక్కువదేమీ కాదు, కాని దానికి పైలట్ శిక్షణ ధర చెల్లించరాదు. పైలట్, మరమ్మతు శిక్షణ సంస్థలకు పౌర విమానయాన డైరెక్టరేట్ అనుమతి ఉండాలి; ఆ జాబితా వారి వెబ్‌సైటులో ఉంటుంది. నాసా పేరు చెప్పి లక్షల రూపాయలకు విదేశ యాత్ర అమ్మేవారు కూడా ఉన్నారు. సందర్శన వేరు, ఎంపిక వేరు.

పంపే ముందు పెద్దలు చూచుకోవలసినవి

“వయసు పిల్లను అన్ని రోజులు ఎక్కడికి పంపేది?” అన్న అవ్వ మాటను కొట్టివేయరాదు. దానికి సమాధానం వివరాలలో ఉంటుంది. శిబిరం నడిపేది ఏ సంస్థ, రాత్రి బస ఎక్కడ, బాలికల గదులకు మహిళా పర్యవేక్షకులు ఉన్నారా, ఇంటికి ఫోను చేసుకొనే వేళ ఏది, ఒంట్లో బాగోలేకపోతే, నెలసరి వస్తే ఎవరికి చెప్పాలి. ఇవన్నీ రాతపూర్వకంగా అడగడం తల్లిదండ్రుల హక్కు. మంచి సంస్థ విసుగు లేకుండా చెబుతుంది. చెప్పడానికి నసిగే చోటికి పంపనవసరం లేదు. తొలిసారి ఒకే ఊరి నుండి ఇద్దరు పిల్లలు కలిసి దరఖాస్తు చేసుకొంటే ఇళ్లలో ధైర్యం కలుగుతుంది.

కాగితాల విషయంలో సరిహద్దు కుటుంబాలకు ప్రత్యేకమైన చిక్కులున్నాయి. ఒకే కులం రెండు రాష్ట్రాలలో రెండు జాబితాలలో ఉండవచ్చును. కర్ణాటకలో షెడ్యూల్డు తెగలలో ఉన్న నాయక, వాల్మీకి వర్గం వారు ఆంధ్రప్రదేశ్ మైదాన ప్రాంతంలో బోయలుగా వెనుకబడిన తరగతుల జాబితాలో ఉన్నారు. లంబాణీలు కర్ణాటకలో షెడ్యూల్డు కులం, ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగ. పుట్టింటి వైపు రాష్ట్రపు ధ్రువపత్రంతో ఇటు ఉపకార వేతనానికి దరఖాస్తు చేస్తే తిరస్కరణ తప్పదు. కుల, ఆదాయ ధ్రువపత్రాలు పావగడ తాలూకా కచేరీ నుండి సకాలంలో తీసుకోవాలి.

పేరు మరొక తంటా. బడి రికార్డులో కన్నడం నుండి ఇంగ్లీషుకు మార్చిన పేరు, ఆధార్‌లో తెలుగు ఉచ్చారణ ప్రకారం రాసిన పేరు వేరువేరుగా ఉండడం ఇక్కడ తరచు జరుగుతుంది. ఇంటిపేరు ఒకచోట ముందు, మరొకచోట వెనుక, ఇంకొకచోట పొడి అక్షరం. ఎనిమిదవ తరగతిలో చేరిన జూన్ నెలలోనే బడి రికార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకం మూడింటిలోనూ పేరు, పుట్టిన తేదీ ఒకే విధంగా ఉన్నవో లేవో ప్రధానోపాధ్యాయుల ఎదుట సరిచూచుకొంటే, దిద్దుబాటుకు తొమ్మిదవ తరగతి ఫిబ్రవరి దాకా వ్యవధి ఉంటుంది.